స్టాండప్ జెట్ స్కీకి కార్బన్ హుడ్ చేస్తున్నారా? ముందు నీళ్ల సంగతి చూడండి

ఎండలు ముదిరేలోపు అరిజోనాలోని హావసు సరస్సులో దిగాలని పాత యమహా సూపర్‌జెట్‌ను గ్యారేజీలో విప్పి పెట్టుకున్నవాళ్లందరూ మొదట అడిగేది ఒకటే, కార్బన్ ఫైబర్ హుడ్ వేస్తే ఎంత బరువు తగ్గుతుంది అని. తగ్గించండి, మంచిదే. కానీ హుడ్ ముందు ఇంజన్ మీద మూత, ఆ తర్వాతే అందం. నిలబడి నడిపే బండి బోల్తా పడటం వింతేం కాదు, ఫ్రీస్టైల్ చేసేవాళ్లయితే కావాలనే తిప్పుతారు. కాబట్టి డిజైన్ మొదలుపెట్టేటప్పుడే బండిని తలకిందులుగా ఊహించుకుని గీయండి.

గాలి కోసం కార్లలా ముందుకు నోరు తెరిచిన స్కూప్ పెట్టాలని అందరికీ ఉంటుంది. వద్దు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు, మామూలు 701 సీసీ సూపర్‌జెట్ అంత వేగం పోదు కూడా. ఆ కాస్త గాలి కోసం ప్రతి అలనీ నేరుగా ఇంజన్ గదిలోకి పిలిచినట్టే. నోరు వెనక్కి తిరిగి ఉండాలి, వీలైనంత ఎత్తులో ఉండాలి.

అలాగని నీళ్ల భయంతో రంధ్రాలు మరీ చిన్నవి చేసినా ఇంజన్‌కి ఊపిరాడదు. 701 సీసీ టూ స్ట్రోక్ 6,500 ఆర్‌పీఎం దగ్గర, కాగితం మీద లెక్క వేస్తే, నిమిషానికి 4,500 లీటర్ల గాలి అడుగుతుంది. లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్లున్న పైపులు రెండు పెడితే గాలి వేగం సెకనుకు 15 మీటర్ల దగ్గర ఆగుతుంది, అది సరిపోతుంది. పెద్ద ఇంజన్ వేసుకున్నవాళ్లు అదే లెక్కన పెంచుకోండి.

ఇక అసలు విషయం పైపు ఎక్కడ ముగుస్తుందన్నది. హుడ్‌కి రంధ్రం పెట్టి అక్కడితో వదిలేస్తే బండి తిరగబడగానే నీళ్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. పైపును కింది దాకా దించితే, తలకిందులైనప్పుడు దాని లోపలి కొస బయటి నీటిమట్టం కన్నా పైకి వస్తుంది, నీళ్లు సగం ఎక్కి ఆగిపోతాయి. మరీ అడుగుకి ఆనించకండి, అడుగున చేరే నీళ్లలో కొస మునిగితే గాలే రాదు, ఒక నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. కొస కార్బురేటర్ వైపు చూడకూడదు. ఫ్లేమ్ అరెస్టర్ (కార్బురేటర్ నుంచి వెనక్కి తన్నే మంటని ఆపే జాలీ) తీసేసి ఉత్త ఫిల్టర్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి, పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, మూసి ఉన్న గదిలో కిందే పేరుకుంటుంది, అది పేలడానికి ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు. పెట్రోల్ పోశాక హుడ్ తెరిచి కాసేపు వదిలేసి అప్పుడే స్టార్ట్ చేయాలి, ఎంత మంచి ఇన్‌టేక్ ఉన్నా సరే.

కార్బన్ గట్టిదే కానీ విరిగితే పదునైన ముక్కలవుతుంది, పడ్డప్పుడు మీ గడ్డం తగిలేది దాదాపు అక్కడే. లోపలి వైపు ఒక పొర కెవ్లార్ వేయండి. లాచ్‌లు, బోల్టులు వచ్చే చోట పొరల మధ్య తేలిక కోసం పెట్టే ఫోమ్ ఉండకూడదు, గట్టి పొరలే ఉండాలి. అల్యూమినియం ముక్కని కార్బన్‌కి నేరుగా బిగిస్తే, ముఖ్యంగా ఉప్పునీళ్లలో, అల్యూమినియం తుప్పు పట్టి పాడైపోతుంది, మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర అడ్డం పెట్టండి.

ఎండని చాలామంది లెక్కచేయరు. అరిజోనా రాష్ట్ర రికార్డు ఈ హావసు ఊరిదే, 1994 జూన్ 29న 53 డిగ్రీలు దాటింది. నల్లటి హుడ్ ఆ ఎండలో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. మామూలు వేడికి గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడతాయి, అప్పుడు ట్రైలర్ మీద తాడు బిగించి కట్టిన హుడ్ తడిసిన అప్పడంలా వంగి, సీలు దగ్గర సందు వస్తుంది. రెసిన్ డబ్బా మీద చెప్పినట్టు పోస్ట్ క్యూర్ చేయండి (గట్టిపడ్డాక మళ్లీ వేడిలో ఉంచడం), పైన యూవీ తట్టుకునే క్లియర్ కోట్ వేయండి. ఆ క్లియర్ కోట్ ఐసోసైనేట్ (ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనం) ఉన్న టూ పార్ట్ రకమైతే దుమ్ము మాస్కు చాలదు, ఇంట్లో స్ప్రే చేయకుండా పెయింట్ షాపుకి ఇచ్చేయడం మేలు.

కార్బన్‌ని రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్కు, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. చేతికంటిన ఎపాక్సీని అసిటోన్‌తో కడిగే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి, ఒకసారి అలర్జీ పట్టుకుందంటే ఆ రెసిన్ దగ్గరికి మళ్లీ వెళ్లలేరు. మిగిలిన రెసిన్‌ని కప్పులో ముద్దగా వదలకండి, దానంతటదే వేడెక్కి పొగలొస్తాయి.

నీళ్లలో దించే ముందు సీలు మీద సుద్ద రాసి హుడ్ మూసి తీయండి, అచ్చు తెగిన చోటే లీకు. తర్వాత తోట పైపుతో అన్ని వైపులా కొట్టి, లోపల తడి చూడండి. మొదటి రోజు ఒడ్డుకి దగ్గరలోనే నడపండి, లాన్యార్డ్ (మీరు పడగానే ఇంజన్ ఆపేసే తాడు) చేతికి కట్టుకునే. తిరగబడితే వెనక స్టిక్కర్ మీది బాణం చూపిన వైపే సరిచేయాలి. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్లాయని అనుమానం వస్తే స్టార్ట్ బటన్ నొక్కుతూ కూర్చోకండి, సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు విప్పి, వైర్లను గ్రౌండ్ చేసి, అప్పుడు తిప్పి నీళ్లు బయటికి కొట్టించండి, ప్లగ్ రంధ్రాల మీదికి మొహం వంచకుండా.