అద్దె ఇంట్లో కొత్త తోట: తొలకరికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

రోహిణి ఎండలు తగ్గి, జూన్ 7, 8 తేదీల ప్రాంతంలో మృగశిర కార్తె ప్రవేశించగానే నాలుగు మొక్కలు పెట్టుకోవాలన్న కోరిక అద్దె ఇంటివారికీ కలుగుతుంది. సొంత ఇంటివారు మట్టి గురించి, విత్తనం గురించి ఆలోచించుకుంటే చాలు. అద్దెకున్నవారు మాత్రం డాబా ఎంత బరువు మోస్తుంది, తేమ ఎటు దిగుతుంది, యజమాని దేనికి ఒప్పుకున్నారు, ఖాళీ చేసే నాడు దేన్ని ఎలా తీస్తాము అన్న ప్రశ్నలకు విత్తనాల పొట్లం కొనకముందే జవాబు సిద్ధం చేసుకోవాలి. వానలు మొదలైన తరువాత వీటిలో ఏది సరిదిద్దాలన్నా కష్టమే కనుక ఈ ఏర్పాట్లకు మే నెల రెండో సగమే తగిన సమయం.

అనుమతి, ఒప్పందం

మన పట్టణాలలో అద్దె ఒప్పందాలు ఎక్కువగా పదకొండు నెలలకే రాసుకుంటారు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి కాబట్టి ఆ ఖర్చు, ఆ శ్రమ లేకుండా ఉండేందుకు అలవాటైన పద్ధతి అది. అంటే తోట వేసే వ్యక్తి చేతిలో కచ్చితంగా ఉన్నది ఒక వానాకాలం, ఒక చలికాలం మాత్రమే. మూడు నాలుగేళ్లకు గాని కాపుకు రాని మామిడి అంటును అద్దె పెరట్లో నాటడం యజమానికి బహుమతి ఇవ్వడమే అవుతుంది. ఇష్టపడి ఇస్తే మంచిదే, ఆశ పెట్టుకుని మాత్రం నాటకూడదు.

యజమానితో మాట ఎంత మంచిగా జరిగినా, ఎక్కడ, ఎన్ని కుండీలు పెడతారో, నీళ్లు బోరు నుంచి వాడతారో మునిసిపల్ కుళాయి నుంచి వాడతారో, గోడకు మేకులు, కొక్కేలు కొట్టవచ్చో లేదో ఒక వాట్సాప్ సందేశంగా రాసి, సరేనన్న జవాబు తీసుకుని భద్రపరచుకోవాలి. అపార్టుమెంటులో డాబా సాధారణంగా అందరి ఉమ్మడి స్థలం కాబట్టి ఫ్లాటు యజమాని ఒక్కరు ఒప్పుకుంటే సరిపోదు, సంఘం అనుమతి కూడా ఉండాలి. ఇంతకన్నా ముఖ్యమైన పని మరొకటి ఉంది. మొదటి కుండీ పెట్టకముందే డాబా నేలను, పిట్టగోడను, వీలైతే ఆ డాబా కింది గది పైకప్పును తేదీతో సహా ఫొటోలు తీసి యజమానికి పంపాలి. పాత చెమ్మ మరకలు, పాత బీటలు అందులో కనబడతాయి. ఆగస్టులో కింది గదిలో నీరు కారినప్పుడు తప్పు మొక్కలదా, పాత స్లాబుదా అన్న వాదనలో అడ్వాన్సును కాపాడేది ఆ ఫొటోలే.

చట్టం సంగతీ కొంత తెలిసి ఉండాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోనప్పుడు, అద్దెదారు తాను నేలకు చేర్చినవాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకు తీసుకుపోవచ్చు. స్థలాన్ని మొదట ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలి. ఆ చట్టం దృష్టిలో నేలలో వేళ్లూనిన చెట్టూ, పొదా కూడా నేలకు చేరినవే. తాళంచెవి ఇచ్చేసిన తరువాత ఆ హక్కు మిగలదు. యజమాని ఒప్పుకోకుండా శాశ్వత కట్టడాలు కట్టకూడదన్న నియమమూ అక్కడే ఉంది కాబట్టి ఇటుకలతో, సిమెంటుతో మడులు కట్టే ఆలోచనను పక్కన పెట్టడం మంచిది. పెరట్లో ముందు నుంచీ ఉన్న పెద్ద చెట్టు నీడ అడ్డమైనా సొంతంగా నరికించకూడదు. అది యజమాని ఆస్తి; పైగా రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి అవసరం.

బరువు, నీరు, గాలి

డాబా తోటలలో అందరూ తక్కువగా అంచనా వేసేది బరువునే. మనుషులు ఎక్కి తిరిగే డాబాను భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువుకు లెక్కగట్టి కడతారు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో, అంటే మొక్కలు పెంచే సంచిలో, దాదాపు 21 లీటర్ల మట్టి పడుతుంది. వట్టి ఎర్రమట్టితో నింపితే వానకు పూర్తిగా నానిన నాడు అది 35 కిలోలకు తగ్గదు. చదరపు మీటరుకు అలాంటివి నాలుగు పెడితేనే హద్దు దగ్గరకు వచ్చినట్లు. వాటి మధ్య నిలబడి నీళ్లు పోసే మనిషి బరువు ఇంకా కలపలేదు. అదే స్థలంలో అడుగు లోతు మట్టితో మడి వేస్తే తడిసినప్పుడు బరువు 500 కిలోల దాకా పోతుంది. వేసవిలో ఎండిన మట్టితో సంచులు నింపుకుని తేలికగానే ఉన్నాయనుకునేవారు జులై ముసురును దృష్టిలో పెట్టుకుని లెక్క వేసుకోవాలి.

అందుచేత మట్టిని మూడో వంతుకు తగ్గించి, మిగిలిన దానిలో కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు సమంగా కలుపుకోవాలి. కుండీలను డాబా నడుమ గుంపుగా పెట్టకుండా, కింద గోడలు, దూలాలు ఉన్న చోటికి పైన వరుసగా అమర్చుకోవాలి. గోడ నుంచి బయటికి పొడుచుకు వచ్చిన బాల్కనీ అంచున పెద్ద కుండీలు వద్దు, సజ్జ మీద అసలే వద్దు. పైకప్పు పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్న పాత ఇంట్లోనైతే డాబా తోట ఆలోచన మానుకుని, నేల మీద జాగా ఉంటే అక్కడే వేసుకోవాలి. ఇందులో బేరసారాలకు తావు లేదు.

నీటి విషయంలో మొదట చూడవలసింది డాబా వాలు, వాననీరు పోయే తూము. కొబ్బరి పొట్టు, రాలిన ఆకులు కొట్టుకుపోయి తూముకు అడ్డం పడితే ఒక రాత్రి కుండపోతకు నీరు నిలిచిపోతుంది. పది సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే చదరపు మీటరు మీద మరో వంద కిలోలు పడ్డట్లే. తూముకు జాలీ బిగించి, వానపడిన ప్రతిసారీ దాన్ని శుభ్రం చేయాలి. కుండీల కింద గాలి ఆడేలా, నీరు పారేలా మూడు నాలుగు అంగుళాల ఎత్తున స్టాండ్లో ఇటుకలో పెట్టాలి. ఇనుప స్టాండ్లయితే రంగు వేయించనిదే వాడవద్దు, తుప్పు మరక నేలను వదలదు. స్లాబును కాపాడుతుందని చాలామంది సంచుల కింద ప్లాస్టిక్ పట్టా పరుస్తారు గాని, దాని కిందికి చేరిన తడి రోజుల తరబడి ఆరక స్లాబుకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

గాలి ప్రమాదం తొలకరికి ముందే మొదలవుతుంది. మే చివరలో, జూన్ మొదట్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలికి పిట్టగోడ మీది చిన్న పూలకుండీ కూడా వీధిలో నడిచే మనిషి ప్రాణం తీయగలదు కాబట్టి పిట్టగోడ మీద ఏదీ పెట్టకూడదు. వేసవిలో కట్టిన ఆకుపచ్చ నీడ వల గాలికి తెరచాపలా ఉబ్బి, కట్టిన కర్రలను పెకలించుకుపోతుంది. వానలు రాగానే దాన్ని విప్పి మడిచి పెట్టాలి, ఆ తరువాత దాని అవసరమూ పెద్దగా ఉండదు. బీర, కాకర తీగల పందిరికి కరెంటు, కేబుల్ తీగలను ఆసరాగా వాడకూడదు. కోస్తా జిల్లాలవారికి అక్టోబరు, నవంబరు నెలలలో తుపానుల భయం అదనం. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ మహావృక్షాలనే కూల్చింది. ఇక పందిళ్లు ఎంత? హెచ్చరిక రాగానే కుండీలను కిందికి దించాలి, లేదా పిట్టగోడ మూలకు చేర్చి ఒకదానికొకటి ఆనించి కట్టాలి. ఉరుములు వినిపిస్తున్నప్పుడు మొక్కల మీద ప్రేమతో డాబా ఎక్కకూడదు.

పెరట్లో తవ్వేవారికి

నేల ఉన్న ఇల్లు దొరికినవారు అదృష్టవంతులే అయినా గునపం దించే ముందు సెప్టిక్ ట్యాంకు, మురుగు గొట్టం, నీటి పైపు, ఎర్తింగ్ గుంత ఎక్కడున్నాయో యజమానిని అడిగి గుర్తులు పెట్టుకోవాలి. గోడకు మూడడుగుల దూరం వదలాలి. పునాది పక్కన రోజూ నీరు పోస్తే చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. కొత్త ఇళ్ల పెరళ్లలో పై మట్టి కింద తరచుగా కంకర, సున్నం, సిమెంటు పెళ్లలు ఉంటాయి. అక్కడ ఆకుకూరలు పసుపు రంగుకు మారి గిడసబారుతుంటే ఎరువులు గుమ్మరించే బదులు కుండీలకు మారడం తెలివైన పని. పాత ఇళ్లలో గోడ వెంట రాలిన రంగు పెచ్చులను అనుమానించాలి. ఇంటి రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాలలో 90 భాగాలు) మించకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకుముందు వేసిన రంగులలో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక ఆ మట్టిలో తినే కూరలు, ముఖ్యంగా పిల్లలు తినేవి, పెంచకూడదు.

మునగ త్వరగా ఎదుగుతుందని అందరూ నాటతారు. దాని కొమ్మ పెళుసు, గాలికి విరిగి పక్కింటి రేకుల మీద పడుతుంది. వానాకాలంలో దాని కాండం మీద గుంపులుగా చేరే గొంగళిపురుగుల వల్ల ఇరుగుపొరుగుతో తగవులూ వస్తాయి. అద్దె ఇంటికి అది తగిన చెట్టు కాదని నా అభిప్రాయం. గోడ పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొలకలను చిన్నగా ఉండగానే వేళ్లతో సహా తీయాలి.

ఒంటికి సంబంధించిన జాగ్రత్తలు

డెంగీని మోసే ఏడిస్ దోమ శుభ్రమైన నిలువ నీటిలోనే పెరుగుతుంది, పగటిపూట కుడుతుంది. మన వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు చాలు. గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని, నీరు లేకపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందువల్ల కుండీల కింది పళ్లేలను వానాకాలంలో తీసివేయడమే మేలు. ఉంచదలిస్తే వారానికొకసారి నీరు పారబోసి, పీచుతో రుద్ది కడిగి, ఎండబెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య సిబ్బంది శుక్రవారాన్ని డ్రై డేగా పాటించమనడం ఇందుకే. మనీప్లాంటు సీసాలు, నీళ్ల డ్రమ్ములు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. డ్రమ్ము మూతికి పలుచని గుడ్డ గట్టిగా కట్టాలి.

ఇటుకల కుప్ప, ఖాళీ సంచుల దొంతర, కొబ్బరి డొక్కల పోగు వానలకు తేళ్లకు, ఎలుకలకు, ఎలుకల వెంట పాములకు నెలవవుతాయి. కుండీని జరిపేటప్పుడు ముందు కర్రతో కదపాలి, చీకటి పడ్డాక టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకూడదు. పాము కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయకూడదు. కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా 108కు ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కట్లపాము కాటులో నొప్పి, వాపు లేకపోయినా విషం ఎక్కవచ్చు కనుక నొప్పి లేదని ఊరుకోకూడదు.

తడి మట్టితో వచ్చే జబ్బులు కూడా ఉన్నాయి. మెలియాయిడోసిస్ కలిగించే బాక్టీరియా దక్షిణ భారతదేశపు మట్టిలో ఉంది, వానాకాలంలో ఎక్కువగా సోకుతుంది, మధుమేహం ఉన్నవారికి ప్రమాదకరం. అటువంటివారు చేతికి తొడుగు, కాలికి బూట్లు లేకుండా మట్టి పని చేయకూడదు. తగ్గని జ్వరం వస్తే తాము మట్టిలో పని చేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి. ధనుర్వాతం టీకా అందరూ చూసుకోవలసిందే.

పురుగుమందుల దుకాణంలో ఇచ్చిన మందును ఇంటి కూరలపై చల్లకూడదు. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు, అయినా దాని పేరు చెప్పేవారు ఇంకా ఉన్నారు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే ఇంటి తోటకు చాలు. చిన్నపిల్లలున్న ఇంట్లో గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, డిఫెన్‌బాకియా పెట్టవద్దు.

ఏవి వేయాలి, ఎలా ఖాళీ చేయాలి

మొదటి ఏడాది తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు, ఒకటి రెండు తీగలు చాలు. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది. టమాట, వంగ, మిరప నారును జడివాన నేరుగా తగిలేచోట పోస్తే మొదలు కుళ్లి పడిపోతుంది కాబట్టి రేకు కిందో సజ్జ కిందో పోసి, మొలకలు నిలదొక్కుకున్నాక మార్చుకోవాలి.

ఇల్లు ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చిన నాటి నుంచి కొత్త విత్తనం వేయకూడదు. బండి వచ్చే రెండు రోజుల ముందు నుంచి నీళ్లు ఆపితే సంచుల బరువు తగ్గుతుంది, మట్టి గడ్డ విడిపోదు. కాసే తీగను కదిలించి బతికించడం దాదాపు అసాధ్యం. దానికి ముదిరిన కాయ ఒకటి విత్తనానికి ఉంచుకోవాలి. బచ్చలి, దొండ, మల్లె వంటివాటికి కొమ్మలు కత్తిరించి ముందుగానే చిన్న సంచులలో నాటుకోవాలి. నేలలో తవ్విన గుంతలు పూడ్చి, డాబా నాచు గీకి కడిగి, మొదట తీసిన చోట్లనే మళ్లీ ఫొటోలు తీసి, యజమానిని పిలిచి చూపించి, ఆ తరువాతే తాళంచెవి అప్పగించాలి.