మోషన్ రాకపోతే ముందు ఏం చూడాలి: అమ్మ దగ్గర నేర్చుకున్నది

తుంటి ఆపరేషన్ అయిన రెండో వారంలో అమ్మకు నీళ్ల విరేచనాలు మొదలయ్యాయి. కొంచెం కొంచెంగా, తనకు తెలియకుండానే దుప్పటి తడిసేది. నేను విరేచనాలు ఆగే మాత్ర వేశాను. వేయకూడని మాత్ర అది. అమ్మకు ఉన్నది మలబద్ధకం. లోపల మలం గట్టిపడి అడ్డుపడితే, దాని పక్కల నుంచి నీళ్లలాంటి మలం కారుతుంది. డాక్టర్ వేలితో పరీక్ష చేసి చెప్పేదాకా నాకా సంగతి తెలియదు. మంచం మీదున్న పెద్దవాళ్లకు చాలా రోజులు మోషన్ లేక, ఉన్నట్టుండి ఇలా కారితే మీరు మాత్రం ముందు డాక్టర్‌నే అడగండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. మోషన్ ఏ రోజు వచ్చింది, ఎలా వచ్చింది, ముక్కాల్సి వచ్చిందా అన్నవి రాయండి. రోజూ రాకపోతే జబ్బేం కాదు. రోజుకు 3 సార్ల నుంచి వారానికి 3 సార్ల దాకా మామూలే. అంతకన్నా తగ్గినా, మేక పెంటికల్లా వస్తున్నా, అయ్యాక కూడా ఇంకా మిగిలినట్టున్నా అది మలబద్ధకం. పెద్దపేగు మలంలోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకే ఎన్ని రోజులు ఆగితే అంత గట్టిపడుతుంది.

తర్వాత మందుల సంచి విప్పండి. అమ్మ సంచిలో ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు, ఐరన్ మాత్రలు రెండూ ఉన్నాయి. రెండూ మోషన్‌ను బిగించేవే. కొన్ని బీపీ, డిప్రెషన్, అలర్జీ మందులు, కాల్షియం మాత్రలు కూడా అంతే. సొంతంగా ఆపేయకండి, మార్చవచ్చేమో డాక్టర్‌ను అడగండి. మందుల్లో ఏమీ దొరకకపోతే థైరాయిడ్, షుగర్ పరీక్షల గురించి కూడా అడగండి.

కూర్చునే తీరు చిన్న విషయం అనుకున్నాను, కానీ అమ్మకు అదే బాగా పనిచేసింది. తిన్న తర్వాత పేగుల్లో కదలిక పెరుగుతుంది. కాబట్టి టిఫిన్ అయిన అరగంట లోపు, తొందరపెట్టకుండా పది నిమిషాలు కూర్చోబెట్టండి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసి, మోకాళ్లు నడుము కన్నా కాస్త ఎత్తులో ఉంచి ముందుకు వంగితే దారి తిన్నగా అవుతుంది. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు అలా వంగకూడదేమో ముందే కనుక్కోండి. మేము డాక్టర్ సరే అన్నాకే పీట వేశాం. వచ్చినప్పుడు ఆపుకోవద్దు.

పీచు పెద్దవాళ్లకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు కావాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. పీచు కోసం వాడే ఇసబ్‌గోల్ పొట్టును నిండు గ్లాసు నీళ్లతోనే తీసుకోవాలి. మలం అప్పటికే అడ్డుపడి ఉంటే పీచు జోలికి పోకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు నీళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి.

ఇవి చాలకపోతే మందులు. లాక్టులోజ్, పాలిథిలీన్ గ్లైకాల్ పేగులోకి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తాయి. పనిచేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, సాయంత్రానికే రాలేదని డోసు పెంచొద్దు. బిసాకోడిల్ మాత్ర పేగును కదిలిస్తుంది, రాత్రి వేసుకుంటే సాధారణంగా పొద్దున్నకు పనిచేస్తుంది.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం ఉంటే ఇంట్లో వైద్యం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోకుండా వాంతులవుతుంటే ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందుల సంచీ, నోటు పుస్తకం వెంట ఉండాలి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలకు జవాబులు వాటిలోనే ఉంటాయి.