చలికాలానికి ముందు వెండి ఆకుల పొదకు తీసుకోవలసిన జాగ్రత్తలు

మధ్యధరా సముద్ర తీరంలోని రాతి నేలల్లో పుట్టిన కాన్వాల్వులస్ నియోరమ్‌ను, అంటే తోటల్లో సిల్వర్ బుష్ అని పిలుచుకునే పొదను, మంచు పడే ప్రాంతాల్లో పెంచేవారు చలికి భయపడి మందంగా కప్పి ఉంచుతారు. నిజానికి దాని ప్రాణం తీసేది చాలాసార్లు చలి కాదు, వేళ్ల దగ్గర నిలిచిపోయే తడి. నీరు త్వరగా ఇంకే నేలలో బాగా నాటుకున్న మొక్క మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ వరకు చలిని కొద్దికాలం ఓర్చుకోగలదు. జిగట నేలలోనైతే అంత చలి రాకముందే వేరు కుళ్లు పట్టుకుంటుంది.

అందుచేత కప్పడం గురించి ఆలోచించే ముందు నేలను చూడాలి. పొదకు కాస్త దూరంగా అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు నింపినప్పుడు మరునాటికీ అవి ఇంకకపోతే, ఆ చోటు ఈ మొక్కకు పనికిరాదని నిస్సందేహంగా చెప్పవచ్చు. అలాంటి చోట గరుకు ఇసుక, సన్న కంకర కలిపిన మట్టిని గట్టులా ఎత్తుగా పోసి, ఎండ బాగా తగిలే గోడ పక్కన, వసంతంలోనే మొక్కను నాటాలి. చలి ముంగిట నాటితే వేళ్లు పట్టేందుకు వ్యవధి ఉండదు. మొదలు చుట్టూ రాలిన ఆకులను ఏరివేసి కంకర పరచాలి. వేసవి చివరి నుంచి నత్రజని ఎరువులు పూర్తిగా ఆపాలి, ఎందుకంటే వాటివల్ల వచ్చే లేత చిగుళ్లే మొదటి మంచుకు నల్లబడతాయి. కొమ్మల కత్తిరింపు కూడా పూత అయిన వెంటనే ముగించాలి.

ఆకును దగ్గరగా చూస్తే పట్టుదారాల వంటి సన్నని నూగు కనిపిస్తుంది. వెండి మెరుపు దానిదే, ఎండలో ఆకు తేమను కాపాడేదీ అదే. అయితే ముసురు పట్టిన రోజుల్లో ఆ నూగే నీటి బిందువులను వదలకుండా పట్టుకుంటుంది, గాలి ఆడకపోతే ఆకుల మీద బూడిదరంగు బూజు పుడుతుంది. కాబట్టి ప్లాస్టిక్ పట్టా ఎన్నడూ ఆకులను తాకకూడదు. గట్టి మంచు పడే రాత్రి మాత్రం గాలి ఆడే పలుచని బట్ట కప్పి, పగలు తీసివేయాలి.

కుండీలో మట్టి అన్ని వైపుల నుంచీ గడ్డకడుతుంది కనుక కుండీని వెలుతురు వచ్చే కప్పు కిందికి చేర్చి, అడుగున ఉంచిన పళ్లెం తీసివేసి, పైమట్టి బాగా ఆరిన తరువాతే కొద్దిగా నీళ్లు పోయాలి.

ఎంత శ్రద్ధ పెట్టినా మొక్క పోవచ్చు. అందుకే వేసవిలోనే సగం ముదిరిన కొమ్మలను వేలెడు పొడవున కత్తిరించి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి రెండు మూడు పిలకలను సిద్ధంగా ఉంచుకోవడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

చలి పోయాక ఎండినట్టున్న పొదను తొందరపడి పీకవద్దు. బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం కనిపిస్తే, చిగుళ్లు ఎక్కడ వస్తాయో చూసి, వాటికి పైన ఎండిన భాగాన్ని మాత్రమే కత్తిరించాలి.