ఇంటికో పేజీ పెడితే అద్దెల లెక్క తేలిక

విశాఖలో మాకు మూడు అద్దె ఇళ్లు: ఎంవీపీ కాలనీలో పోర్షన్, మధురవాడలో ఫ్లాట్, గాజువాకలో పాత ఇల్లు. మూడు అద్దెలూ ఒకే అకౌంట్‌లో పడతాయి. జూలైలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు ఏ డబ్బు ఏ ఇంటిదో వెతకడానికే రెండు రోజులు పోయేవి.

పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి నోట్‌బుక్‌లో ఇంటికో పేజీ పెట్టాను. అద్దె పడిన రోజే రాస్తాను, ఇల్లు ఖాళీగా ఉన్న నెల కూడా. జీవీఎంసీకి (విశాఖ కార్పొరేషన్‌కి) కట్టిన ఇంటి పన్ను రసీదు ఆ పేజీకే పిన్ చేస్తాను. రిటర్న్‌లో ఎలాగూ ఒక్కో ఇంటి వివరాలు విడిగా అడుగుతారు, కలిపి ఒకే అంకె వేస్తే కుదరదు.

లెక్క ఇలా వేసుకోండి. నెలకు 12,000 చొప్పున ఏడాదికి 1,44,000. కట్టిన ఇంటి పన్ను 6,000 తీసేస్తే 1,38,000. అందులో 30 శాతం, అంటే 41,400 తగ్గిస్తే 96,600 మిగులుతుంది. రిటర్న్‌లో ఆ ఇంటి ఆదాయంగా లెక్కకు వచ్చేది ఇదే. ఆ ఇంటి మీద లోన్ ఉంటే దాని వడ్డీ ఇంకా తగ్గుతుంది. రంగులు, మోటారు రిపేరు బిల్లులు దాచక్కర్లేదు. అవన్నీ ఆ 30 శాతంలోనే వచ్చేశాయి. ఈ సంగతి తెలియక నేను ఏళ్ల తరబడి కవర్ల నిండా బిల్లులు దాచాను.

ఒక్క జాగ్రత్త: ఇంటి పన్ను ఆ ఏడాదిలోనే, మీరే కట్టి ఉండాలి. బకాయి పెట్టినా, అద్దెకున్నవాళ్లు కట్టినా దాన్ని తగ్గించుకోవడానికి వీల్లేదు.