ఉద్యోగం చేస్తూ నర్సింగ్ స్కూల్‌కు సిద్ధం కావడం: ప్రీరిక్విజిట్లు ఏ వరుసలో చదవాలి?

నర్సింగ్ ప్రోగ్రాంలో చేరడానికి ముందే పూర్తి చేయాల్సిన కోర్సులే ప్రీరిక్విజిట్లు. అమెరికాలో ముప్పై, నలభై ఏళ్ల వయసులో నర్సింగ్ వైపు రావాలనుకునేవాళ్లు చాలామంది దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి వెళ్లి, సాయంత్రం సీటు ఖాళీ ఉన్న క్లాసులో చేరిపోతారు. రెండేళ్లు కష్టపడ్డాక తాము చదివిన కెమిస్ట్రీని తాము కోరుకున్న ప్రోగ్రాం లెక్కలోకి తీసుకోదని తెలుస్తుంది. ముందు ప్రోగ్రాం తేల్చుకోవాలి, క్లాసు సంగతి తర్వాత.

1. మూడు ప్రోగ్రాములు ఎంచుకోండి

ఒకటి కమ్యూనిటీ కాలేజీ ఏడీఎన్ (నర్సింగ్‌లో అసోసియేట్ డిగ్రీ), ఒకటి బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ). ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉంటే మూడోది యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (తక్కువ కాలంలో ముగిసేది). మూడింటికీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం ఉండాలి, నర్సింగ్ ప్రోగ్రాములకు జాతీయ స్థాయిలో గుర్తింపునిచ్చే ఏసీఈఎన్ లేదా సీసీఎన్ఈ గుర్తింపు ఉంటే మంచిది. ఒక్క ప్రోగ్రాం మీదే ఆశ పెట్టుకోవద్దు. పది పెట్టుకున్నా అన్నింటి షరతులూ తీర్చలేరు.

2. షరతులన్నీ ఒక పట్టికలో రాయండి

మామూలుగా అడిగేవి ఇవి: అనాటమీ అండ్ ఫిజియాలజీ (ఏ అండ్ పీ) ఒకటి, రెండు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ (ల్యాబ్‌తో కలిపి ఒక్కోటీ తరచుగా 4 క్రెడిట్లు), స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్ కాంపోజిషన్, జనరల్ సైకాలజీ, లైఫ్‌స్పాన్ డెవలప్‌మెంట్ (ఒక్కోటీ 3). కొన్నిచోట్ల న్యూట్రిషన్, సోషియాలజీ కూడా ఉంటాయి.

ప్రతి కోర్సు పక్కన ఐదు విషయాలు రాయండి: కనీస గ్రేడు ఎంత, ఎన్నేళ్లలోపు చదివి ఉండాలి, ఎన్నిసార్లు మళ్లీ తీసుకోనిస్తారు, ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటారా, దరఖాస్తు గడువు నాటికి పూర్తయి ఉండాలా లేక నడుస్తున్నా సరిపోతుందా. వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే నర్సింగ్ విభాగం అడ్వైజర్‌ని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువు ఉండదు.

3. పాత డిగ్రీలో పనికొచ్చేది తేల్చుకోండి

ఇండియాలో చదివినవాళ్లు నేసెస్ (విదేశీ చదువులను మూల్యాంకనం చేసే సంస్థల సంఘం) సభ్య సంస్థతో మూల్యాంకనం చేయించాలి, అదీ కోర్సువారీ నివేదిక కావాలి. డిగ్రీ సమానమని మాత్రమే చెప్పే చౌక నివేదికలో క్రెడిట్లు, గ్రేడ్లు ఉండవు, దాన్ని ప్రీరిక్విజిట్లకు వాడుకోలేరు. ఎప్పుడో చదివిన బీఎస్సీ వల్ల సైన్స్ కోర్సులు తప్పుతాయని అనుకోకండి. సైకాలజీ, స్టాటిస్టిక్స్ లాంటివి లెక్కలోకి వస్తే అదే లాభం.

4. సైన్స్ కోర్సుల వరుస

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. గడువు ఫిబ్రవరి 1, నడుస్తున్న కోర్సులు ఒప్పుకోరు అనుకుందాం. అప్పుడు చివరి సైన్స్ కోర్సు అంతకు ముందు వచ్చే డిసెంబర్‌కే అయిపోవాలి. ఆ ఫాల్ (డిసెంబర్‌తో ముగిసే సెమిస్టర్)లో మైక్రోబయాలజీ, దానికి ముందు స్ప్రింగ్ (జనవరిలో మొదలయ్యే సెమిస్టర్)లో ఏ అండ్ పీ రెండు, అంతకు ముందు ఫాల్‌లో ఏ అండ్ పీ ఒకటి, దానికీ ముందు స్ప్రింగ్‌లో కెమిస్ట్రీ. అంటే దరఖాస్తుకు రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి. ఏ అండ్ పీలో చేరడానికే కొన్ని కాలేజీలు ముందు బయాలజీ అడుగుతాయి, అలాంటిచోట ఇంకో సెమిస్టర్ కలపండి.

సెమిస్టర్‌కు ఒకే ల్యాబ్ సైన్స్. దీనికి మినహాయింపు లేదు. మూడు గంటల లెక్చర్, మూడు గంటల ల్యాబ్ ఉన్న కోర్సుకు ఇంటి దగ్గర వారానికి మరో తొమ్మిది నుంచి పన్నెండు గంటలు కావాలి. ఉద్యోగం, పిల్లలతో రెండు సైన్సులు కలిపితే రెండింట్లోనూ బీ, సీలు వస్తాయి. లెక్క వేసి చూడండి: నాలుగేసి క్రెడిట్ల మూడు సైన్సుల్లో ఏ, బీ, సీ వస్తే సైన్స్ జీపీఏ 3.0. పోటీ ఉన్న ప్రోగ్రాముల్లో ఇది చాలదు. ఒక సెమిస్టర్ ఆలస్యమైనా ఫరవాలేదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో పడిన సీ మాత్రం అక్కడే ఉండిపోతుంది. సీ వచ్చిన కోర్సును మళ్లీ తీసుకోనివ్వని కాలేజీలూ ఉన్నాయి. సీ మైనస్‌నైతే చాలా ప్రోగ్రాములు పాస్‌గానే చూడవు.

ఏ అండ్ పీ ఒకటి, రెండు తప్పనిసరిగా ఒకే కాలేజీలో చదవండి. అధ్యాయాలను ఒక్కో కాలేజీ ఒక్కో చోట విడగొడుతుంది, మధ్యలో మారితే ఎండోక్రైన్ (హార్మోన్ల) అధ్యాయం రెండుసార్లు రావచ్చు, అసలు రాకనూ పోవచ్చు. కాలిఫోర్నియాలో చాలా కాలేజీలు అనాటమీ, ఫిజియాలజీలను విడివిడిగా చెబుతాయి. వాటిలో ఒకటి, కలిపి చెప్పే కోర్సులో సగం చదివి జత చేస్తే లెక్కకు రాకపోవచ్చు. అక్కడి కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ ప్రభుత్వ యూనివర్సిటీలో దేనికి సమానమో అసిస్ట్ సైట్‌లో చూసుకోవచ్చు.

ఎనిమిది వారాల వేసవి ఏ అండ్ పీ వద్దు. పదిహేను వారాల పాఠాన్ని సగం సమయంలో తోసేస్తారు. కండరాల పేర్లు పరీక్ష దాకా గుర్తుంటాయేమో గానీ, ఫార్మకాలజీలో కిడ్నీ పనితీరు కావాల్సి వచ్చేసరికి ఏమీ మిగలదు. వేసవిని స్టాటిస్టిక్స్‌కు ఉంచండి.

కాలపరిమితి మరో చిక్కు. సైన్స్ కోర్సులు ఐదేళ్లలోపువే కావాలనే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి, కొన్ని ఏడు లేదా పదేళ్ల దాకా ఒప్పుకుంటాయి. ఆ లెక్క దరఖాస్తు తేదీ నాటికా, క్లాసులు మొదలయ్యే నాటికా అని అడిగి తెలుసుకోండి. వెయిట్‌లిస్ట్‌లో ఉన్న కాలం కూడా ఇందులో కరిగిపోవచ్చు. అందుకే ఇంగ్లిష్, సైకాలజీ ముందు ముగించి, సైన్సులను చివర్లో విరామం లేకుండా వరుసగా పెట్టాలి.

ఇక డబ్ల్యూ, అంటే కోర్సును మధ్యలో మానేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో పడే గుర్తు. కొన్ని ప్రోగ్రాములు దాన్ని కూడా ఒక ప్రయత్నంగా లెక్కేస్తాయి, రెండు ప్రయత్నాలు దాటితే దరఖాస్తే తీసుకోవు. రికార్డులో పడకుండా కోర్సు వదిలేసే గడువు సాధారణంగా మొదటి రెండు వారాల్లోపే ముగుస్తుంది. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, మొదటి క్విజ్ చూసి, ఉండాలో మానాలో ఆలోపే నిర్ణయించుకోండి.

5. టీస్ లేదా హెసీ

ఇవి నర్సింగ్ ప్రవేశ పరీక్షలు. ఏది కావాలో ప్రోగ్రామే చెబుతుంది. టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. సైన్స్ భాగంలో అన్నిటికన్నా పెద్ద వాటా శరీర నిర్మాణ, ధర్మ శాస్త్రాలదే. ఏ అండ్ పీ రెండు అయిన నెలలోపు రాసేయండి. ఆ తర్వాత రాస్తే రెండోసారి చదవాల్సి వస్తుంది.

6. డబ్బు, కాగితాలు

బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే, అది ఇండియాదైనా, పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం) రాదు. ఫెడరల్ రుణానికి కనీసం సగం లోడ్, అంటే సెమిస్టర్‌కు సాధారణంగా 6 క్రెడిట్లు ఉండాలి. కాబట్టి 4 క్రెడిట్ల సైన్స్ పక్కన లైఫ్‌స్పాన్ డెవలప్‌మెంట్ లాంటి 3 క్రెడిట్ల కోర్సు ఒకటి పెట్టుకుంటే రెండు పనులూ జరుగుతాయి. హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ సాయం ఏదీ వర్తించదు, ఫీజులు సొంతంగానే చూసుకోవాలి.

హెపటైటిస్ బీ టీకా మూడు డోసుల పద్ధతిలో ఆరు నెలలు పడుతుంది. క్లినికల్స్‌కు (ఆసుపత్రిలో చేసే శిక్షణకు) ముందు ప్రోగ్రాములు దీన్ని అడుగుతాయి. సీటు వచ్చాక మొదలుపెడితే మూడో డోసు సమయానికి అందదు. అందుకని ఏ అండ్ పీ రెండులో చేరిన నెలలోనే మొదటి డోసు వేయించుకుని, మీజిల్స్, చికెన్‌పాక్స్ టైటర్ పరీక్షలు (రోగనిరోధక శక్తి ఉందో లేదో చూసే రక్త పరీక్షలు) కూడా అప్పుడే చేయించుకోండి.