గ్యాస్ గీజర్‌ను ప్రమాదం లేకుండా అమర్చుకోవడం ఎలా?

విజయవాడలోనో గుంటూరులోనో గదిని వెచ్చబరచడానికి గ్యాస్ హీటర్ కొనేవారు దాదాపుగా ఉండరు. పుష్యమాసంలో కూడా ఒక దుప్పటితో తీరిపోయే చలి మనది. అయితే ఆ హీటర్ లాగే గదిలోనే మండి, మండగా మిగిలిన గాలిని ఆ గదిలోకే వదిలే పరికరం మరో రూపంలో మన ఇళ్ళలోకి వచ్చి చాలా కాలమైంది. గోడకు తగిలించి, కుళాయి తిప్పగానే టిక్ టిక్‌మని అంటుకునే, పొగ గొట్టం లేని గ్యాస్ గీజర్ అదే. కరెంటు గీజర్ కంటే చవకగా, క్షణాల్లో వేడినీళ్ళు ఇస్తుంది కాబట్టి కొనడంలో తప్పు లేదు. తప్పంతా దాన్ని ఎక్కడ బిగిస్తున్నామన్న దగ్గరే జరుగుతోంది.

పూర్వం నీళ్ళకాగు దొడ్లో పొయ్యి మీద ఉండేది. మధ్యలో బొగ్గులు వేసే రాగి బాయిలర్ వచ్చాక కూడా దాన్ని పెరట్లోనో వసారాలోనో పెట్టుకున్నారు తప్ప స్నానాల గదిలోకి తెచ్చి తలుపు వేసుకోలేదు. స్నానాల గదిలోకి నీళ్ళు వచ్చేవి, నిప్పు వచ్చేది కాదు. గ్యాస్ గీజర్ విషయంలోనూ ఇదే పద్ధతి పాటిస్తే ఈ వ్యాసంలో చెప్పబోయే జాగ్రత్తల్లో సగం వాటంతట అవే తీరిపోతాయి.

చిన్న గదిలో ఏం జరుగుతుంది?

నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడి చేయాలంటే సుమారు పదిన్నర కిలోవాట్ల వేడి నీటికి అందాలి. అంత వేడి ఇవ్వడానికి గీజర్ గంటకు దాదాపు ఒక కిలో ఎల్‌పీజీ కాలుస్తుంది. ఒక కిలో ఎల్‌పీజీ పూర్తిగా మండడానికి 12, 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇక మన అపార్ట్‌మెంట్లలో మామూలుగా కనిపించే 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిలో పట్టే గాలి 315 ఘనపుటడుగులు, అంటే 9 ఘనపు మీటర్లు మాత్రమే. తలుపు, కిటికీ మూసి ఉన్న అలాంటి గదిలో గీజర్ పది నిమిషాలు ఆగకుండా మండితే, మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ 17 శాతం దరిదాపులకు పడిపోతుంది. ఆ స్థితిలో మంట సరిగా మండదు. అరకొరగా మండిన గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడడం మొదలవుతుంది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించే గుణం కూడా లేదు. సిలిండర్ లీకైనప్పుడు వచ్చే దుర్వాసన లీకును పసిగట్టడానికి కావాలని కలిపిన మెర్కాప్టాన్‌ది. గ్యాస్ మండితే అదీ కాలిపోతుంది, కాబట్టి వాసన రాలేదన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే కార్బన్ మోనాక్సైడ్ 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కాళ్ళలో సత్తువ తగ్గడం ముందుగా కనిపిస్తాయి. వేడినీళ్ళ ఆవిరికి ఇలా అవుతోందని అనుకునేలోపే మనిషి కుప్పకూలి, గడియ తీసే శక్తి కూడా లేకుండా పోవచ్చు.

అమెరికా గ్యాస్ నియమావళిలో ఒక లెక్క ఉంది. ఇంటి గాలినే వాడుకుని మండే పరికరానికి గంటకు కాల్చే ప్రతి వెయ్యి బీటీయూలకు (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) 50 ఘనపుటడుగుల చొప్పున గది ఉండాలి. మన 6 లీటర్ల గీజర్‌కు ఆ లెక్క వేస్తే 2,000 ఘనపుటడుగులు దాటుతుంది. పై స్నానాల గది అందులో ఆరో వంతు కూడా లేదు.

చోటు ఎంచుకోవడం

మొదటి అడుగు ఇదే, మిగిలిన పని అంతా దీని మీదే ఆధారపడుతుంది. గీజర్‌ను స్నానాల గది బయట, కనీసం ఒక వైపు ఆరుబయటికి తెరిచి ఉన్న చోట బిగించుకోవాలి. వంటింటి వెనక వాష్ ఏరియా, గ్రిల్ మాత్రమే ఉన్న బాల్కనీ, సొంత ఇల్లయితే వాన జల్లు తగలని పెరటి గోడ ఇందుకు అనుకూలం. వాష్ ఏరియాకు తరువాత అద్దాల కిటికీలు పెట్టించి ఉంటే అది ఇక బాల్కనీ కాదు, మరో మూసిన గది అని గుర్తుంచుకోవాలి. అలాంటి చోట కిటికీలో కొంత భాగానికి అద్దం తీయించి, మూయడానికి వీలు లేని గ్రిల్ పెట్టించాలి.

డక్ట్, అంటే ఇళ్ళ మధ్య కింది నుంచి పైదాకా ఉండే నిలువు సందు, దాని సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన అపార్ట్‌మెంట్లలో నాలుగైదు ఇళ్ళ స్నానాల గదుల వెంటిలేటర్లు ఒకే డక్ట్‌లోకి తెరుచుకుంటాయి. పైకి కప్పు వేసిన ఇరుకు డక్ట్‌లోకి గీజర్ గాలి వదిలితే మన ఇంటి ప్రమాదాన్ని పై అంతస్తు వారి స్నానాల గదిలోకి పంపినట్టే. మేము విజయవాడ పటమటలో గీజర్ పెట్టించుకున్నప్పుడు పనివాడు మొదట చూపించిన చోటు అదే. పైపు తక్కువ పడుతుందన్నది అతని కారణం. ఒప్పుకోకుండా వాష్ ఏరియా గోడకే బిగించమన్నాం. అదనంగా పడింది ఒక పైపు ముక్క, రెండు ఎల్బోలు.

గీజర్ దూరమైతే నీళ్ళు వృథా అవుతాయన్న అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది. వేడినీళ్ళకు వాడే అర అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపులో మీటరుకు పట్టేవి 120 మిల్లీలీటర్ల నీళ్ళు. ఆరు మీటర్ల పైపులో చల్లగా నిలిచి ఉండేవి ముప్పావు లీటరు లోపే, అంటే ఒక చెంబెడు. ఆ చెంబెడు నీళ్ళను బకెట్లోనే పట్టుకుంటే వృథా అనే మాటే లేదు.

గోడ మీద ఎత్తు విషయానికి వస్తే, మంట కనిపించే రంధ్రం కంటికి ఎదురుగా ఉండాలి. పైన అటక చెక్కలు, పక్కన ఆరేసిన బట్టలు, ప్లాస్టిక్ సామాను ఉండకూడదు. స్విచ్ బోర్డు, వాషింగ్ మెషీన్ ప్లగ్ గీజర్‌కు కాస్త ఎడంగా ఉండాలి.

గాలి దారులు

నాలుగు వైపులా గోడలున్న చోటే తప్ప మరో దారి లేకపోతే రెండు రంధ్రాలు కావాలి: నేల నుంచి అడుగు లోపు ఒకటి, పైకప్పు నుంచి అడుగు లోపు ఇంకొకటి, రెండూ నేరుగా ఆరుబయటికి. వేడెక్కిన గాలి పై దారిన పోతుంటే తాజా గాలి కింది దారిన వస్తుంది. ఒక్కటే ఉంటే ఈ ప్రవాహం సాగదు. కింది రంధ్రానికి మరో ప్రయోజనం కూడా ఉంది: ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది కాబట్టి బయటికి పోవడానికి దారి కింద ఉండాలి.

ఒక్కొక్క రంధ్రం 6 అంగుళాల చదరానికి తగ్గకుండా పెట్టించుకోవడం మంచిది. ఏటవాలు రేకుల జాలీ బిగిస్తే గాలికి మిగిలేది అందులో సగమే. దోమల వల కూడా వేస్తే ఇంకా తగ్గుతుంది, పైగా ఆ వల నూగుతో, దుమ్ముతో కొన్ని నెలల్లోనే పూడుకుపోతుంది. పావురాలు గూడు కట్టకుండా అర అంగుళం కన్నాల ఇనుప జాలీ చాలు. చలి వస్తోందని ఈ రంధ్రాలకు పాలిథీన్ కవరో అట్టముక్కో అడ్డం పెట్టడం మన ఇళ్ళలో బాగా అలవాటు. అలా మూయకూడదని ఇంట్లో పెద్దవాళ్ళకీ, పనిమనిషికీ ముందే చెప్పి ఉంచాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ధీమా పడకూడదు. గాలి లోపలికి వచ్చే దారి లేని గదిలో ఫ్యాన్ తిరిగితే బయటికి పోవాల్సిన గాలి వెనక్కి లాగబడుతుంది, మంట కూడా నిలకడ తప్పుతుంది. ఇంటి లోపలే తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే పొగ గొట్టం ఉన్న గీజర్‌నే కొనాలి. బయటి గాలిని ఒక గొట్టంతో తీసుకుని, మండిన గాలిని ఫ్యాన్‌తో బయటికే నెట్టే రకం మరింత మేలు. ఆ గొట్టం చివర డక్ట్‌లో కాక ఆరుబయట తేలాలి.

కొనేటప్పుడు

ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. ఇళ్ళలో వాడే చిన్న ఎల్‌పీజీ గీజర్లకు ఐఎస్ 15558 అనే ప్రమాణం ఉంది. మంట ఆరితే గ్యాస్‌ను ఆపివేసే రక్షణ, ఆక్సిజన్ తగ్గితే ఆగిపోయే సెన్సర్, ఇరవై నిమిషాలకు తనంతట తాను ఆగే టైమరు ఉన్నాయో లేదో అడగాలి. ఇవి గాలికి ప్రత్యామ్నాయం కావు, గాలి తక్కువైనప్పుడు చివరి అడ్డుకట్ట మాత్రమే. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ పైపు కనెక్షన్ ఉన్న ఇళ్ళవారు ఎల్‌పీజీ గీజర్‌ను ఆ లైనుకు తగిలించకూడదు. పైపు గ్యాస్‌లో ఉండేది మీథేన్, దాని పీడనం, జెట్ (గ్యాస్ చిమ్మే సన్నని రంధ్రం) వేరు.

బిగించడం

గ్యాస్ లైను పని డీలరు పంపే మెకానిక్ చేతనే చేయించాలి, ప్లంబరు చేత కాదు. సిలిండర్ నిలువుగా, నేల మీద, గాలి ఆడే చోట ఉండాలి. పల్లంలో గాని, మూసిన అలమరలో గాని పెట్టకూడదు. రెగ్యులేటర్ ఇంటి వాడకానిదే అయి ఉండాలి. కంపెనీలు ఇచ్చే నారింజ రంగు సురక్షా ట్యూబు మీటరున్నరకు మించకూడదు, మధ్యలో అతుకు ఉండకూడదు, గోడలోంచి దూర్చకూడదు. అంతకంటే దూరం పోవాలంటే గట్టి లోహపు పైపే వేయించి, గీజర్ దగ్గర చేతికి అందేలా ప్రత్యేకంగా ఒక వాల్వు పెట్టించాలి. ట్యూబు మీద ముద్రించిన తేదీ చూసుకుని ఐదేళ్ళకు మార్చాలి.

నీళ్ళు వచ్చే వైపు జాలీ ఫిల్టరు, వాల్వు ఉండాలి. వేడినీళ్ళు వెళ్ళే వైపు మామూలు పీవీసీ కాక సీపీవీసీ పైపే వేయాలి. గీజర్ నీటి ఒత్తిడితో అంటుకుంటుంది కాబట్టి పై అంతస్తు ఇళ్ళలో ట్యాంకు మరీ దగ్గరగా ఉంటే మంట రాకపోవచ్చు. అటువంటప్పుడు నీళ్ళ వాల్వును తిప్పి బలవంతంగా వెలిగించాలని చూడకుండా చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాలి.

వెలిగించి చూడడం

ప్రతి అతుకు దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్ల వెలిగించి చూసే మెకానిక్‌ను అక్కడే ఆపేయాలి. లీకు లేదని తేలాక గీజర్ వెలిగించి మంట చూడాలి. నిలకడగా నీలంగా ఉండాలి. పసుపు నాలుకలు కనిపించినా, గీజర్ పైభాగంలో మసి పట్టినా గాలి చాలడం లేదనో బర్నరు మూసుకుపోయిందనో అర్థం.

తరువాత గాలి పరీక్ష. ఇంట్లో మామూలుగా మూసి ఉంచే తలుపులూ కిటికీలూ మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, వంటింటి చిమ్నీ తిరగనిచ్చి, గీజర్‌ను ఐదారు నిమిషాలు మండించాలి. అప్పుడు వెలిగించిన అగరుబత్తిని కింది గాలి దారి దగ్గర పట్టుకుంటే పొగ లోపలికి, పై దారి దగ్గర పట్టుకుంటే బయటికి పోవాలి. ఎటూ కదలకుండా అక్కడే తిరుగుతున్నా, వెనక్కి మళ్ళుతున్నా గాలి దారులు చాలనట్టే. పొగ గొట్టం ఉన్నచోట గీజర్ పైన సందు దగ్గరా అగరుబత్తి పట్టుకుని, పొగ ఆ సందులోకి పోతోందో లేదో చూడాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని, గీజర్‌కు మరీ ఆనుకోకుండా, మనుషులు మసలే గదిలో తల ఎత్తున తగిలించుకోవాలి. ఆ వాయువు బరువు గాలితో దాదాపు సమానం కాబట్టి ఆ ఎత్తు సరిపోతుంది. ఎల్‌పీజీ లీకు అలారం వేరే వస్తువు, అది నేలకు దగ్గరగా ఉండాలి. ఒకటి కొని రెండో పనికి వాడడం కుదరదు.

ఇప్పటికే స్నానాల గదిలో ఉంటే

మార్పించేదాకా ఒక నియమం పాటించాలి: బకెట్లు నింపి, గీజర్ ఆపి, కాసేపు తలుపు తెరిచి ఉంచి, ఆ తరువాతే స్నానానికి వెళ్ళాలి. 20 లీటర్ల బకెట్ నిండడానికి మూడున్నర నిమిషాలు చాలు. షవర్ కింద నిలబడి గీజర్ మండిస్తూ స్నానం చేయకూడదు. పండగ రోజున ఒకరి తరువాత ఒకరు గీజర్ ఆపకుండా తలస్నానాలు చేయడమూ కూడదు. నిజానికి మేడ మీది ట్యాంకు నీళ్ళు మన దగ్గర శీతాకాలంలోనూ మరీ చల్లగా ఉండవు. గ్యాస్ నాబ్‌ను తక్కువలో పెడితే సరిపోతుంది, గాలీ తక్కువ ఖర్చవుతుంది.

ఏటా చేయించాల్సినవి

దసరా తరువాత, చలి మొదలయ్యేలోపు సర్వీసింగ్ చేయించడం సౌకర్యం. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో లోపలి రాగి గొట్టానికి ఉప్పు గట్టిగా పట్టి, వేడి నీటికి అందక, అదే వేడికి కావలసినదానికంటే ఎక్కువ గ్యాస్ కాలుతుంది. ఆ గొట్టం చుట్టూ ఉండే రేకుల మధ్య మసి పేరుకుంటే గాలి పైకి పోయే దారే మూసుకుపోతుంది. అందుకని ఉప్పు తీయించడం, రేకులు, బర్నరు శుభ్రం చేయించడం రెండూ కావాలి. బ్యాటరీలు, గాలి దారుల జాలీలు మనమే చూసుకోవచ్చు.

ఎవరైనా పడిపోతే

పిలిస్తే పలకకపోతే ఆలోచించకుండా తలుపు తెరవాలి, అవసరమైతే పగలగొట్టాలి. ఇందుకే స్నానాల గదికి బయటి నుంచి తీయగలిగే గడియ ఉండడం మేలు. ఊపిరి బిగపట్టి లోపలికి వెళ్ళి, గీజర్ ఆపి, మనిషిని ఆరుబయటికి తెచ్చి 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో గ్యాస్ గీజర్ అన్న మాట తప్పకుండా చెప్పాలి. ఎందుకంటే వేలికి పెట్టే ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కించి 98, 99 చూపించవచ్చు. ఆ మాట చెబితేనే వైద్యులు వేరే రక్తపరీక్షకూ, ఎక్కువ ఆక్సిజన్ ఇవ్వడానికీ వెంటనే సిద్ధపడతారు. మండని గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చూ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చాకే 1906కు ఫోన్ చేయాలి.