దేహాకృతి నిర్మాణం – ఐదవ పాఠం: స్లైసు మందం, స్లైసుల ఎడం

ఈ పాఠంలో చర్మపు ఉపరితలాన్ని నునుపు చేయడం గురించి రాయాలనుకున్నాను. నాలుగవ పాఠం చదివి, సీటీ స్కాన్ స్లైసులను (శరీరపు కోత చిత్రాలను) ఒకదానిపై ఒకటి పేర్చి కంప్యూటర్‌లో మొండెం నమూనా కట్టినవారిలో పలువురికి అది నిలువునా సాగిపోయిందనీ, ఒకరిద్దరికి కుదించుకుపోయిందనీ తెలిశాక ఆ విషయాన్ని వెనక్కి జరిపాను. హనుమకొండలో ఇంజినీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థి పంపిన నమూనాలో భుజాల వెడల్పు సరిగానే ఉంది కాని, మెడ మొదలు నుంచి తుంటి వరకు పొడవు రెట్టింపయింది. తప్పు ఆయనది కాదు. స్లైసుల మధ్య దూరాన్ని ఫైలు నుంచి తీసుకొమ్మని ఒక్క వాక్యం రాసి, ఏ అంకెను తీసుకోవాలో చెప్పకుండా ముందుకు వెళ్లింది నేను.

ఆయన వాడిన సీటీలో 161 స్లైసులు ఉన్నాయి. స్కాన్ చిత్రాలను దాచే డైకామ్ ఫైలులో స్లైస్ థిక్‌నెస్ (స్లైసు మందం) అనే గడిలో 5 మిల్లీమీటర్లు అని ఉండగా, దానినే రెండు స్లైసుల మధ్య దూరమనుకొని 160తో గుణిస్తే 800 మిల్లీమీటర్లు వచ్చింది. ఆ స్కాన్‌లో స్లైసులు నిజానికి 2.5 మిల్లీమీటర్ల ఎడంతో, ఒకదానిపైకి ఒకటి సగం వచ్చేలా తయారు చేసినవి. కనుక అసలు పొడవు 400 మిల్లీమీటర్లే.

మందం వేరు, ఎడం వేరు. వరంగల్ కొత్తవాడలో జంపఖానా నేసే మగ్గం దగ్గర కాసేపు నిలబడినవారికి ఇది వెంటనే తెలుస్తుంది. పేక పోగు ఎంత లావుగా ఉందో చూసి, దానిని పోగుల లెక్కతో గుణించి జంపఖానా పొడవు చెప్పే నేతగాడు ఉండడు. ఎంత గట్టిగా బాదితే పోగులు అంత దగ్గరికి జరుగుతాయి కనుక, అంగుళానికి ఎన్ని పోగులు పడ్డాయన్నదే ఆయన చూస్తాడు. సీటీలో మందం అంటే ఒక చిత్రంలోకి శరీరంలోని ఎంత లోతు కలిసిపోయిందన్న లెక్క. ఎడం అంటే ఒక చిత్రం మధ్యభాగం నుంచి తరువాతి చిత్రం మధ్యభాగానికి ఉన్న దూరం. నమూనా పొడవును నిర్ణయించేది ఎడం మాత్రమే.

ఎంఆర్ఐలో ఇదే పొరపాటు ఎదురు దిశలో జరుగుతుంది, ఎందుకంటే అక్కడ స్లైసుల మధ్య తరచుగా ఖాళీ వదులుతారు. నేను ఈ పని నేర్చుకుంటున్న కాలంలో వీపుకు ఆనే ఒక ఆధారానికి అచ్చు తయారు చేశాను. మందం 4 మిల్లీమీటర్లు, ఖాళీ 0.4 కలిపి ఎడం 4.4 కావలసి ఉండగా నేను 4 అనే వేశాను. 30 సెంటీమీటర్లు ఉండవలసిన అచ్చు 27.3కే ఆగిపోయి, తొడిగిన మనిషి పక్కటెముకల కింద ఒత్తుకున్నది. అందుకే ఈ విషయంలో పట్టుదలగా ఉంటాను.

కాబట్టి ఎడాన్ని మీరే లెక్కించండి. ప్రతి స్లైసులోనూ ఇమేజ్ పొజిషన్ పేషెంట్ అనే గడిలో స్లైసు స్థానాన్ని చెప్పే మూడు అంకెలుంటాయి. అది 0020,0032 సంఖ్య గల గడి, సీటీ చిత్రంలో తప్పనిసరిగా నింపవలసినది. మందపు గడి ఖాళీగా ఉన్నా నియమం ఒప్పుకుంటుంది, ఇది ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. చిత్రాలు అడ్డుకోతలే అయితే మూడవ అంకెల తేడాయే ఎడం. చిత్రాలు వాలుగా ఉంటే ఓరియెంటేషన్ గడిలోని రెండు దిశల క్రాస్ ప్రాడక్ట్ (రెండింటికీ లంబంగా ఉండే దిశ) తీసుకొని, స్థానాల తేడాను ఆ దిశపైకి ప్రక్షేపించాలి. తల స్కాన్‌లలో గాంట్రీని, అంటే స్కానర్ వలయాన్ని, వంచి తీసినవి ఉంటాయి. వాటిలో ఎడం సరిగా వచ్చినా పేర్చిన చిత్రాలు పక్కకు ఒరిగి ఉంటాయి కనుక ఆ ఒరుగును విడిగా సరిదిద్దాలి.

స్లైసులను ఫైలు పేరును బట్టి పేర్చవద్దు. పేర్ల వరుసలో 1 తరువాత 10, 100, ఆ తరువాతే 2 వస్తాయి. అలా పేర్చిన మొండెం మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. పైన చెప్పిన స్థానాన్ని బట్టి పేర్చి, పక్కపక్క స్లైసుల తేడాలన్నిటినీ ఒక వరుసలో రాయండి. అన్నీ 2.5 ఉన్నచోట ఒక్కటి 5 కనిపిస్తే మధ్యలో ఒక స్లైసు పోయిందని అర్థం. సగటు తీస్తే ఈ లోపం దాగిపోతుంది, అందుకే నేను సగటు ఎన్నడూ తీయను.

చివరగా నాదొక అలవాటు చెబుతాను. నమూనా కట్టే ముందు పక్కవాటు చిత్రంలో నడుము వెన్నుపూస ఒకదాని ఎత్తు కొలుస్తాను. పెద్దవారిలో అది సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. 50 వచ్చిందంటే ఎడం తప్పు. పక్కన కూర్చొని నేర్చుకునేవారికి నేను మొదట నేర్పేది ఈ కొలతే.

ఇక చర్మం. సీటీలో సాంద్రతను చూపే కొలమానంలో గాలి −1000, నీరు 0, కొవ్వు సుమారు −100 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు కనుక −300 దగ్గర గాలికీ శరీరానికీ మధ్య గీత గీస్తే చాలు. ఊపిరితిత్తులను నింపడం, స్కానర్ బల్లను తొలగించడం మీకు వచ్చు. పడుకున్న మనిషి వీపు చదునుగా, పొట్ట పక్కలకు జారి ఉంటుందన్నది మాత్రం మరవకండి. ఎడం ఎంత సరిగా ఉన్నా, ఈ నమూనా నిలబడిన మనిషి ఆకృతి కాదు. నునుపు చేసేవారు ప్రతి బిందువునూ దాని పొరుగు బిందువుల సగటు వైపు జరిపే లాప్లేసియన్ పద్ధతిని పదేపదే నడిపితే చుట్టుకొలత తగ్గుతుంది. నేను పరిశోధకుడు గాబ్రియెల్ టౌబిన్ 1995లో, ఆ తగ్గుదల లేకుండా నునుపు చేయడానికి ప్రతిపాదించిన పద్ధతినే వాడతాను. దాని వివరం ఆరవ పాఠంలో.

సాధన: స్కాన్‌లను అందరికీ అందుబాటులో ఉంచే ద కాన్సర్ ఇమేజింగ్ ఆర్కైవ్‌లోని ఎల్ఐడీసీ–ఐడీఆర్ఐ సంకలనం నుంచి మందం, ఎడం వేరువేరుగా ఉన్న ఛాతీ సీటీలు మూడు వెతకండి. అందులో మందం 0.6 నుంచి 5 మిల్లీమీటర్ల వరకు మారుతుంది కనుక దొరుకుతాయి. ఒక్కొక్కదాని స్థానాలన్నిటినీ చదివి, తేడాల వరుసను చేత్తో రాసి, మొదటి స్లైసు నుంచి చివరి స్లైసు వరకు పొడవును మందంతో ఒకసారి, ఎడంతో ఒకసారి లెక్కించండి. తరువాత ఒక సీటీ నుంచి మధ్యలో ఒక స్లైసును తీసేసి, అది ఎన్నవదో చెప్పకుండా మిత్రునికి ఇచ్చి, ఏది పోయిందో అంకెలు మాత్రమే చూసి కనిపెట్టమనండి. మూడు సీటీలకూ ఇది పూర్తయ్యేవరకు ఆరవ పాఠం తెరవవద్దు.